పదకొండూ నలభై రెండుకు గట్టిమేళం

గణపతిరావుగారి గురించి చెప్పాలంటే ముందు సతీష్‌కుమార్ గురించి చెప్పాలి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

సతీష్ ఈ హిందీ గడ్డ మీద, రిసాలిలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. రెండు నెలలు కీబోర్డు నేర్చుకున్నాడు. మూడో నెల వేళ్లు నొప్పని మానేశాడు. తర్వాత ఎవరో లాప్‌టాప్‌లో పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్ చూపించారు. అంతే, లైవ్ బ్యాండ్ పెట్టేశాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. సన్నాయి, వీణ, కోరస్ అన్నీ ముందే ఆ పెట్టెలో నింపుకుంటాడు. వేదికెక్కి ఒక మీట నొక్కి, కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తిస్తాడు. సన్నాయి దొరకని ఊళ్లో సన్నాయి పెట్టెలోంచి వస్తే తప్పేమీ లేదు. ఎదురుగా ఉన్న మనిషి నోరు నొక్కి పెట్టెను పాడించడం మాత్రం తప్పు.

ఆ మనిషే గణపతిరావుగారు. టెక్కలి వైపు నుంచి ఇరవయ్యో ఏట ఇక్కడికి వచ్చి, ఇక్కడి స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో నలభై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. డోలు తండ్రి దగ్గర నేర్చుకున్నారు. నైట్ షిఫ్టు చేసి, ముఖం కడుక్కుని, అదే సైకిల్ మీద డోలు కట్టుకుని చరోదా రైల్వే క్వార్టర్లలో పెళ్లికి వెళ్లేవారు. ఇక్కడి తెలుగువాళ్లలో సగం మంది ఆయన దెబ్బకే ఒక ఇంటివాళ్లయ్యారు. ఆ కృతజ్ఞత ఎవరికీ లేదు, అది వేరే సంగతి.

రెండేళ్ల క్రితం సతీష్ ఆయన్ని తన గదిలో కూర్చోబెట్టి రెండు రోజులు డోలు వాయించి రికార్డు చేశాడు. ఆయన మురిసిపోయారు, పిచ్చి మనిషి. తన మోతను తనే మూటగట్టి వాడి చేతిలో పెడుతున్నానని తెలియలేదు.

మా అన్నయ్య భుజంగరావు కూతురు లక్ష్మీప్రసన్న పెళ్లికి ఆ బ్యాండునే పెట్టమని చెప్పింది నేనే. ఆ డోలు మా పిల్ల పెళ్లిలో వినపడాలని నా కోరిక. నెహ్రూ నగర్‌లో హాలు. పొద్దున్నే మజ్జిగ ఇద్దామని గణపతిరావుగారి దగ్గరికి వెళితే, ఆయన మైకు తీగ చుట్ట చుట్టి నేల మీద పడుంది. దేనికీ తగిలించలేదు.

"ఇదేటండీ, తీగ ఇలా పడుంది?" అన్నాను.

"తీసీసినాడమ్మా. నా మోత ఆ పెట్టెలో ఉందట. మనిసి అగుపడితే సాలట."

"మరి మీరెందుకు రావడం?"

ఆయన మజ్జిగ గ్లాసు దించి, "ఏ పెళ్లిలోనైనా ఒక్క దెబ్బ నిజంగా ఇనబడతాదేమోనని" అన్నారు.

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. నేరుగా సతీష్ దగ్గరికి వెళ్లాను. వాడు పళ్లికిలించి, "ఆంటీ, టెన్షన్ మత్ లో. పది గంటలకి ఒక్కసారి నొక్కేస్తే పెళ్లి మొత్తం అదే నడుస్తుంది. కార్డు చూసి గట్టిమేళం పదకొండూ నలభై రెండుకి పెట్టేసినా. సబ్ సెట్ హై" అన్నాడు. అన్నయ్యతో చెబితే, "ఇప్పుడు గొడవెందుకే" అని అతిథుల వైపు వెళ్లిపోయాడు. ఆఫీసరు కదా, గొడవ ఎప్పుడూ వేరేవాళ్లు పడాలి.

పదకొండూ నలభై రెండయింది. జీలకర్ర బెల్లం పెట్టారు, స్పీకర్లలో గట్టిమేళం ఉరిమింది. గణపతిరావుగారు తన పాత మోతకు చేతులు ఆడించారు. జనం చప్పట్లు కొట్టారు, గొర్రెలు.

ఈ ఊళ్లో పుట్టిన సతీష్‌కు ఎవరూ చెప్పలేదేమో, ముహూర్తం జీలకర్ర బెల్లానికి. తాళి ఆ తర్వాత ఎప్పుడో, పంతులుగారి మంత్రాలు, ఫొటోగ్రాఫర్ దయ కలిసొచ్చినప్పుడు. అరగంట గడిచాక వరుడు తాళి పట్టుకుని నిలబడ్డాడు. పెట్టెలో అప్పటికి భోజనాల కోసం పెట్టిన వేణువు నిద్రపుచ్చుతోంది. పంతులుగారు చెయ్యెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచారు.

వేణువే.

"గట్టిమేళం, బాబూ!"

సతీష్ తెల్లబోయి, "పండిత్‌జీ, గ్యారహ్ బయాలీస్ పే బజా దియా థా నా!" అన్నాడు, పదకొండూ నలభై రెండుకే వాయించేశాను కదా అని.

మూడు ముళ్లు పడేటప్పుడు తుమ్ము వినపడకూడదనే కదా గట్టిమేళం. హోమం పొగకు వరుడి పెదనాన్న ముక్కు ఎగబీలుస్తున్నాడు. మా వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సతీష్ లాప్‌టాప్ తెర మీద గీతల్ని వెనక్కి జరుపుతున్నాడు, ముందుకు జరుపుతున్నాడు, వాడికి వాడి గట్టిమేళమే దొరకడం లేదు.

గణపతిరావుగారు వేదిక దిగారు. డోలు మెడలో వేసుకుని నేరుగా మండపం దగ్గరికొచ్చి కొట్టారు. ఏ మైకూ లేదు. హాలు గోడలు అదిరాయి. వంటవాళ్లు గరిటెలతో బయటికొచ్చారు. పెదనాన్న తుమ్మాడు. నోరు తెరవడం చూశాను గాని చప్పుడు నాకూ వినపడలేదు. మూడో ముడి పడేదాకా ఆ డెబ్బై ఏళ్ల చేతులు ఆగలేదు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

భోజనాల దగ్గర ఒకాయన సతీష్ చెయ్యి పట్టుకుని ఊపుతూ, "క్యా సౌండ్ హై, భాయ్!" అన్నాడు. ఆ వెధవ "థాంక్యూ సర్" అన్నాడు.

వారం తర్వాత వీడియో వచ్చింది. దాని శబ్దం సతీష్ పెట్టె నుంచి తిన్నగా తీసుకున్నారట. తాళి కడుతుంటే గణపతిరావుగారి చేతులు డోలు మీద విరుచుకుపడుతున్నాయి. వినిపిస్తున్నది వేణువు. సతీష్ ఫోనులో, మా ఇంట్లోనే చూశారాయన. రెండుసార్లు చూశారు. నా పెళ్లిలో కూడా ఆయనే డోలు కొట్టారు. ఆ మనిషిని అలా చూడలేకపోయాను.

పక్కన కూర్చున్న సతీష్, "అరే మామా, దాన్దేముంది! నీ శాంపిల్ ఉంది కదా, అక్కడ అతికించేస్తా. ఎవరికీ తెలీదు. ఫిర్ నా వీడియో ఛానల్‌లో పెడదాం, కింద నీ పేరు కూడా వేస్తా" అన్నాడు. వాడి దృష్టిలో అదో ఉపకారం.

గణపతిరావుగారు ఫోను వాడి ఒళ్లో పెట్టారు.

"ఒద్దురా. అలాగే ఉంచు. నా సేతులాడతన్నాయి, మోత లేదు. సూసినోల్లు అడుగుతారు, ఈ ముసిలోడి మోత ఎవుడు మింగీసినాడని. అప్పుడు నీ పేరు సెప్పు."

సతీష్‌కు తెలుగు అంతంత మాత్రం. ఏ మాటకైనా ‘క్యా బోలే’, ఏమన్నారు అని అడుగుతాడు. ఈసారి అడగలేదు.