బతు బస్తీ నుంచి గోల్ ఘర్‌కు, చేపల పులుసుతో

బస్సు మంచిదని ఎప్పుడనాలి, వేళకు వచ్చినప్పుడా, మన కోసం ఆగినప్పుడా? పోర్ట్ బ్లెయిర్‌లో చదువుకున్న రోజుల నుంచీ ఈ ప్రశ్న నా వెంటే ఉంది. నాన్న ఉద్యోగరీత్యా అక్కడి బతు బస్తీలో ఉండేవాళ్ళం. అప్పటి బస్సు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. కానీ నేను జడ అల్లుకుంటూ పరుగెత్తుకొస్తుంటే డ్రైవర్ బండి కదిలించేవాడు కాదు. లోపలివాళ్ళు నన్ను తిట్టేవారు. మర్నాడు వాళ్ళ కోసం ఆగితే నేను తిట్టేదాన్ని. ఇప్పుడు విశాఖపట్నంలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఈ మధ్య మా పాత పొరుగింటి నూకరత్నం పిన్ని ఫోన్ చేసి, మెయిన్ రోడ్డు మీద కొత్త బస్సులు వేశారనీ, ఒకటి పోతే వెనకే ఇంకొకటి వస్తోందనీ, పాత బస్సు ఇంక కొన్నాళ్ళేనటనీ చెప్పింది. గొంతులో సంతోషం మాత్రం లేదు. నాన్న మొదట పనిచేసిన, మధ్య అండమాన్‌లోని రంగత్‌ను చూడాలని ఎప్పటి నుంచో ఉంది, సెలవు పెట్టి బయలుదేరాను.

చెన్నై మీదుగా విమానంలో పొద్దున్నే దిగాను. ఎయిర్‌పోర్టు బయట ఆటో అతను రెండు వందలన్నాడు. సామాను తక్కువైతే మెయిన్ రోడ్డు దాకా నడిచి బస్సెక్కండి, చిల్లర డబ్బులతో పోతుంది. పిన్ని ఇంటికి చేరేసరికి చేపల పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. బాబాయి చేపల వేటకు వెళ్ళాడు. మర్నాటి రంగత్ బస్సుకు ముందే టికెట్ తీసుకోవాలి కనుక మధ్యాహ్నం బస్టాండుకు బయలుదేరాను. పిన్ని కూడా పులుసు సర్దిన కేరియర్ పట్టుకుని స్టాపు దాకా వచ్చింది.

ఆ కేరియర్ సంగతి చెప్పాలి. పిన్ని కూతురు పార్వతి గోల్ ఘర్‌లో ఒక టైలరింగ్ షాపులో పనిచేస్తోంది. రెండేళ్ళ కిందట తనకు నచ్చిన అబ్బాయిని ఇంట్లో చెప్పకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. ఆ కబురు పిన్నికి బస్సులో పక్క సీటు ఆవిడ చెప్పగా తెలిసింది. అప్పటి నుంచి తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. అయినా రోజూ మధ్యాహ్నం బస్సుకు పిన్ని కేరియర్ ఇస్తుంది, గోల్ ఘర్‌లో పార్వతి అందుకుంటుంది, సాయంత్రం అదే బస్సులో తిప్పి పంపుతుంది. పుట్టింటి గిన్నె ఖాళీగా పంపకూడదని అందులో ఓ నిమ్మకాయో, నాలుగు పచ్చిమిరపకాయలో వేస్తుంది. రోజుకు ఆ ఒక్క బస్సు, ఆ ఒక్క డ్రైవర్. అందుకే కుదిరింది. ఆ బస్సు ముందు రోజుతో ఆగిపోయింది.

కొత్త బస్సు వచ్చింది. పిన్ని అలవాటు కొద్దీ కేరియర్ పైకి ఎత్తింది. డ్రైవర్ కుర్రవాడే, మర్యాదస్తుడు. "మాజీ, సామాన్ అకేలా నహీ లేతే. ఆప్ ఖుద్ బైఠ్ జాయియే నా" అన్నాడు. మనిషి లేకుండా సామాను తీసుకోం అమ్మా, మీరే ఎక్కండి అని. పిన్ని మొహం తిప్పుకుని కేరియర్ నా చేతికిచ్చింది.

"నువ్వెలాగూ ఎల్తన్నావు కదా పాపా, ఇచ్చీసెయ్."

"ఇవాళంటే నేనున్నాను. రేపో పిన్నీ?"

ఆవిడ నన్ను చూసిన చూపు మంచిది కాదు. కానీ ఎక్కింది. డాలీగంజ్ దాటేదాకా, చెప్పకుండా పోయినవాళ్ళ కాళ్ళ దగ్గరికి కన్నతల్లి వెళ్ళాలా అని నాకూ కిటికీకీ కలిపి చెబుతూనే ఉంది. కేరియర్‌ను మాత్రం వొలకకుండా ఒళ్ళో రెండు చేతులా పట్టుకుంది.

గోల్ ఘర్ స్టాపులో పార్వతి నిలబడి ఉంది, పాత బస్సు ఆగిపోయిందని తెలియక దాని కోసమే. పిన్ని దిగింది. నేనూ దిగాను, వెనకే ఇంకో బస్సుంది కదా. పిన్ని కేరియర్ ముందుకు చాపింది. పార్వతి అందుకుని మూత తీసి వాసన చూసింది.

"ఈ మధ్య ఉప్పు జ్యాదా అయిపోతోందమ్మా."

"రెండేళ్ళు తిని ఇప్పుడు సెప్తున్నావేటే?"

"మరెవరితో చెప్పి పంపేది, డ్రైవర్ భయ్యాతోనా?"

పిన్నికి నవ్వొచ్చింది, ఆపుకుంది. నేను తర్వాతి బస్సెక్కి బస్టాండుకు వెళ్ళిపోయాను. టికెట్ తీసుకుని తిరిగొస్తుంటే గోల్ ఘర్‌లో పిన్ని ఎక్కింది. చేతులు ఖాళీ. కేరియర్ ఏదంటే కిటికీ వైపు చూస్తూ చెప్పింది:

"ఉంచీసుకుంది. రేపు నానే ఒచ్చి తీసికెళ్ళాలంట."

రంగత్ వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: తెల్లవారకముందే కదిలే బస్సుకు టికెట్ ముందు రోజే బస్టాండులో తీసుకోండి, గుర్తింపు కార్డు మరవకండి. ఆ బస్సు ఎవరి కోసమూ ఆగదు. నా పాత ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు, ఇంకొకటి తోడైంది. కొత్త బస్సు మనిషి లేని సామాను మోయదు కాబట్టే ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు, నిజమే. కానీ రెండేళ్ళపాటు ఆ పులుసును మోసిన పాత బస్సు వాళ్ళ మధ్య దారం తెగకుండా చూసిందా, లేక కలుసుకోవలసిన అవసరమే రాకుండా చేసిందా? నేను తేల్చుకోలేకపోతున్నాను.