నవ్వకూడని వారం

మొన్న ఏలూరులో నా కంటికి శుక్లం తీశారు. పావుగంట పట్టింది, కుట్టు లేదు, కట్టు లేదు, సాయంత్రానికల్లా నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చేశాను. చుక్కల మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెబుతున్న నర్సమ్మను, నవ్వొచ్చునా అని అడిగితే ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. నా ఈడు వాళ్లయితే అలా చూసేవారు కాదు. మన రోజుల్లో కంటి ఆపరేషనంటే ఎంత హడావిడో మీకు నేను చెప్పాలా?

రెండువేల ఒకటో రెండో, మా మావగారికి ఈ ఏలూరులోనే కుడికంటికి శుక్లం ఆపరేషను చేయించాం. ఎడమకన్ను చిన్నతనంలోనే కుప్పనూర్పుల్లో వరిగడ్డి గుచ్చుకుని పోయింది కనుక, ఆయనకు ఉన్నదల్లా ఆ కుడికన్నే. డాక్టరుగారు కుట్లు వేసి, కట్టు కట్టి, వారం రోజులు వెల్లకిలా పడుకోవాలని, దగ్గకూడదని, తుమ్మకూడదని, నవ్వకూడదని, కుట్టు వదిలితే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదని మరీ మరీ చెప్పారు. కొల్లేరు అంచున ఉన్న మా ఊళ్లో పాడి వదిలి అత్తగారు రాలేరు, మా వారికి తాడేపల్లిగూడెంలో బడి, అంచేత మంచం పక్క స్టూలు నాకు దక్కింది. కాపురానికొచ్చి పదేళ్లయినా, ఇద్దరు పిల్లల తల్లినైనా, ఆయన ఎదుట పెదవి విప్పి నవ్విన పాపాన పోలేదు నేను. వీధి అరుగు మీద ఆయన దగ్గు వినిపిస్తే చాలు, వంటింట్లో నా చేతి గరిటె కూడా మెల్లగా తిరిగేది.

తెల్లారకుండా గట్లన్నీ చుట్టొచ్చే మనిషిని కట్టేసినట్టు పడుకోమంటే ఊరుకుంటాడా? రెండోరోజుకే లేచి కూర్చుంటానని పేచీ మొదలెట్టారు. ఆ సాయంత్రం పాసింజరులో వచ్చిన మా వారు స్టేషను దగ్గర అద్దె పుస్తకాల కొట్లోంచి ఒక నవల తెచ్చారు. అట్ట మీద రాకెట్టు బొమ్మ. ఆయన బడిలో సైన్సు చెప్పే మేష్టారాయె, ఇది సైన్సు నవల, ఇందులో నవ్వుకు చోటుండదు, వింటూ నాన్న నిద్రపోతారు అని ధీమాగా నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. మహానుభావుడు, ఒక్క పేజీ తిప్పి చూసినా బాగుండేది.

పైకి చదివే ముందు నేను తిరగేసి చూస్తే, అందులో వేరే గ్రహం నుంచి భూమిని జయించడానికి ఒక సేనాని వస్తాడు. దిగగానే అతనికి మొదట కనబడ్డది ఒక గేదె. ఈ లోకానికి రాణి ఈవిడే కాబోలనుకుని, భూమి మొత్తం అప్పగించమని దాని ముందు యుద్ధం ప్రకటిస్తాడు. గేదె నెమరు వేస్తూ ఊరుకుంటుంది. అబ్బ, ఏం గుండె ధైర్యం అని హడలిపోయి, మర్నాడు సగం భూమి చాలంటాడు, ఆ మర్నాడు ఒక ద్వీపం చాలంటాడు, చివరికి తన గ్రహమే రాసిచ్చేస్తాను ఒక్క మాట మాట్లాడు తల్లీ అని దాని కాళ్ల దగ్గర కూలబడతాడు.

ఇది పైకి చదివితే ఇంకేమన్నా ఉందా! అందుకని పెద్ద తెలివి ఉపయోగించి, నవ్వొచ్చే ముక్కలన్నీ నాలో నేను చదువుకుంటూ, రాకెట్టు పొడుగూ, ఇంధనం లెక్కా మాత్రం పైకి చదవసాగాను. కొంగు నోట్లో కుక్కుకుని, మధ్య మధ్య గొంతు సవరించుకుంటూ ఓ అరగంట లాక్కొచ్చాను.

"అమ్మాయ్, ఇందాకట్నుంచీ ఆ రాకెట్టు లేస్తానే ఉంది గానీ ఎక్కడికీ వెళ్లట్లేదేంటమ్మా?" అన్నారు మావగారు.

అంతే, అరగంటగా బిగబట్టిన నవ్వు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. పదేళ్లుగా ఆపుకున్నదంతా ఆ పూటే వచ్చిందేమో, ఎంత ఆపుకుందామన్నా నా వల్ల కాలేదు. ఆయన ఆ చీకట్లో చెవి ఇటు పెట్టి విని, "ఏం రాసేడమ్మా, చెప్పు" అన్నారు. వద్దండీ అంటూనే చెప్పేశాను. ఆయన మొదట ముక్కుతో నవ్వారు, తరవాత పొట్ట కదిలింది, ఆ తరవాత మంచమే కదిలింది. "మావయ్యగారండీ, వద్దండీ, కుట్లండీ" అని ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాను, బతిమాలుతూ నేనూ నవ్వుతున్నాను, కళ్లమ్మట నీళ్లు, అవి నవ్వువో భయానివో నాకే తెలియదు.

మర్నాడు కట్టు విప్పేసరికి కుట్టు వదిలి ఉంది. ఏం చేశారని డాక్టరుగారు మండిపడ్డారు. నేను నోరు తెరిచేలోగానే మావగారు, "మంచినీళ్లు తాగుతుంటే పొలమారిందండీ, దగ్గొచ్చేసింది. అమ్మాయి వద్దంటానే ఉందండీ, నా తొందరే" అన్నారు.

మళ్లీ కుట్లు వేశారు. చేలో పచ్చదనం తెలిసేది, ఎదుటి మనిషి ఆనవాలు తెలిసేది, అక్షరం మాత్రం ఇక ఆయన కంటికి ఆనలేదు. ఆయన ఉన్న ఏడేళ్లూ రోజూ పేపరు నేనే చదివి వినిపించాను. నీళ్లు నిదానంగా తాగడం కూడా చేతకాలేదని అత్తగారు దెప్పినప్పుడల్లా ఆయన తల వంచుకుని పడేవారు. నేను పొయ్యి వైపు తిరిగిపోయేదాన్ని, పిరికిదాన్ని.

ఇప్పుడు మా కోడలు నా ఎదుటే ఫోను చూసుకుంటూ పకపకా నవ్వుతుంది. ఎందుకే అంటే, ఏం లేదత్తయ్యా అని గదిలోకి వెళ్లిపోతుంది. నేనేమీ అనుకోను, ఇంట్లో నవ్వు వినబడడం మంచిదే. నాకున్న బాధల్లా ఒక్కటే, ఆ కన్ను పోగొట్టింది నేనండీ అని చెప్పుకుని, కడుపారా తిట్లు తిందామనిపిస్తుంది. తిట్టవలసిన అత్తగారూ పోయారు, మా వారూ పోయారు. చెప్పుకోవడానికి మీరే మిగిలారు.