ఫైనల్ రోజు దూది మూట

పొదిలి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో, కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్‌కు బయల్దేరాను. వాచిన చీలమండకు బిగించి కట్టు కట్టుకుని, ఎలాగైనా ఆడతానని పక్కసీటు పెద్దావిడతో గొప్పలు పోయాను. ఆవిడ తను దిగే ఊరు రాగానే, "బాబూ, ఈ మూట కాస్త డోరు దాకా తెచ్చిపెట్టు," అంది.

మూటెత్తుకుని రెండడుగులు వేశానో లేదో, నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ మూట అందుకుని ఒంటిచేత్తో నెత్తిన పెట్టుకుంది. "పరుపులోకి దూదయ్యా ఇది. దీనికే నిలబడలేనోడివి, అక్కడేం పరిగెత్తుతావు?"

నేను ఆడలేదు. మా జట్టు ఓడిపోయింది. ఆ రోజంతా ఆవిణ్ని తిట్టుకున్నాను.

ఇప్పుడు ఆదివారాలు మా అమ్మాయి తన్నిన బంతి వెనక పరిగెత్తినప్పుడల్లా ఆవిడకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.