నిమ్మకాయకు కిలోమీటరున్నర దూరాన

ఆ రోజుల్లో ఒంటరితనం అనే మాట నాకు తెలియదు; దాన్ని సబ్జెక్టు మీద శ్రద్ధ అనుకునేదాన్ని. ఇరవైమూడేళ్లకు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, తిరువూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరాను. ఎరువుల కొట్టు మీద గది. కాలేజీ బయట నాతో మాట్లాడేవాళ్లు ఇద్దరే: "ఒక ప్లేటా, రెండా?" అనే ఇడ్లీ బండి ఆవిడ, "మోటారు కట్టేశారా?" అనే ఇంటావిడ. (రెండో ప్రశ్నకు అవసరమైన దానికన్నా పొడుగ్గా జవాబు చెప్పేదాన్ని.)

మూడో నెలలో పరమాణువు పాఠం వచ్చింది. హైడ్రోజన్ కేంద్రకం నిమ్మకాయంత ఉంటే, ఎలక్ట్రాన్ కిలోమీటరున్నర దూరాన ఉంటుందని, మధ్యలో అంతా ఖాళీ అని చెప్పాను. లెక్చరర్లమంతా డౌట్ల రాణి అని పిలుచుకునే అమ్మాయి లేచింది.

"ఖాళీ అంటే గాలి ఉంటుందా మేడం?"

"గాలి కూడా పరమాణువులేనమ్మా. అదీ ఉండదు."

"మరి ఏమీ లేకపోతే, బల్లలోకి నా చెయ్యి ఎందుకు దిగట్లేదండి?"

క్లాసంతా బల్లలు చరిచి చూసింది. (ఎలక్ట్రాన్ ఒక మూల నిలబడి ఉండదని, ఆ చోటంతా మబ్బులా పరుచుకుంటుందని, తన చోటులోకి ఇంకో ఎలక్ట్రాన్‌ను రానివ్వదని, కాబట్టి ఖాళీ అన్నమాటే సగం అబద్ధమని ఇప్పుడైతే నిదానంగా చెప్పగలను.) అప్పుడు మాత్రం పరువు కోసం "రేపు చూపిస్తాను" అనేశాను.

మర్నాడు కాలేజీ ఆవరణ మధ్యలో స్టూలు వేసి, దాని మీద నిమ్మకాయ పెట్టి, పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, ఆఫీసులో అడిగి తెచ్చిన ఫోను రాణి చేతికిచ్చి, నా ఫోనుతో నేను ఎలక్ట్రాన్‌గా విస్సన్నపేట రోడ్డు పట్టాను. "ఎంతదాకా వచ్చారు మేడం?" "పెట్రోలు బంకు దాటాను. ఇంకా ఖాళీయే!" ఇళ్లు అయిపోయాయి, మామిడితోటలు మొదలయ్యాయి, అక్కడ సిగ్నలు పోయింది. లెక్క ప్రకారం చేరవలసిన చోటికి చేరి, ఎండలో నిలబడ్డాను. చూసేవాళ్లు లేరు. ఒక షేర్ ఆటో ఆగి, "ఎక్కడికండి?" అని అడిగితే, "ఎక్కడికీ కాదండి, ఇక్కడికే" అన్నాను. అతను జాలిగా చూసి వెళ్లిపోయాడు. ఎందుకో నాకు ఏడుపొచ్చింది.

ఈలోగా కాలేజీలో మా ప్రిన్సిపాల్ గారు (మాట మాటకీ గద్దించడం వల్ల ఆయన సైలెన్స్ సార్) ఆవరణలోకి వచ్చారట. ఎత్తు పీట మీద నిమ్మకాయ, చుట్టూ నలభైమంది పిల్లలు గుడ్లప్పగించి నిలబడటం చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని, "ఎవరు చేయించార్రా ఇది?" అన్నారట. "మేడం గారండి." "ఆవిడేరీ?" "ఎలక్ట్రాన్ అయిపోయారండి. ఇప్పుడు ఫోను కూడా కలవట్లేదు." ఆయన కామర్సు మనిషి.

కాసేపటికి రోడ్డు మీద దుమ్ము లేచింది. ముందు సార్ స్కూటరు, వెనక పరుగున నలభైమంది. నన్ను ఉద్యోగంలో ఉంచాలా వద్దా అని తేల్చవలసిన నెల అది. ఇక గది ఖాళీ చేయడమే అనుకున్నాను. రాణి రొప్పుతూ వచ్చి, "భయమేసింది మేడం, మీకేమన్నా అయిందేమోనని" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆ ఊళ్లో నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆ పిల్ల.

సార్ స్కూటరు దిగి, నా మొహం చూసి, తిట్టబోయి ఆగారు. "భోజనం ఎక్కడ చేస్తున్నారమ్మా?" అన్నారు.

"గదిలోనండి."

"ఆదివారాలు?"

"గదిలోనేనండి."

"ఈ ఆదివారం మా ఇంటికి రండి. నిమ్మకాయలు మాత్రం తేవద్దు."

వెళ్లాను. వాళ్ల ఆవిడ గోంగూర వడ్డిస్తూ, మాటవరసకి, "మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అని అడిగారు. నేను మొదలుపెట్టాను. మా నాన్న దగ్గర్నుంచి మా మేనత్త ఆడపడుచు దాకా ఒక్కర్నీ వదల్లేదు. మజ్జిగ అయింది, విస్తళ్లు తీశారు, సార్ కుర్చీలోనే కునుకు తీసి లేచారు. నేనింకా చెబుతూనే ఉన్నాను. చివరికి ఆవిడే నా చేతికి నీళ్ల గ్లాసిచ్చి, "ముందు కాస్త ఊపిరి తీసుకో తల్లీ, వచ్చే ఆదివారం కూడా వస్తావుగా" అన్నారు.

ఉద్యోగం నిలిచింది. గ్లాసు పట్టుకుని "వస్తానండీ" అని గబుక్కున అనేసిన ఆ వసపిట్ట గుర్తొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. కొంచెం జాలి కూడా.