చాటింపు నాడు నా ఇంట్లో ఉన్నవాడు

నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో అమ్మవారి ముక్కుపుడక పోయినప్పుడు ఊరిపెద్ద మాట్లాడాడు, పూజారి మాట్లాడాడు, టీకొట్టు బల్ల మీద కూర్చునేవాళ్ళంతా మాట్లాడారు. పోలీసులు వాళ్ళందరి మాటా రాసుకున్నారు. దొంగ అని పట్టుకుపోయిన మనిషి జాతర పొడుగునా దాక్కున్నది మాత్రం నా ఇంట్లో. ఆ నగ పోయిన పూట అతని చేతులు ఎక్కడున్నాయో తెలిసినవాడిని నేనొక్కడినే. నాకు చూపు లేదు గనక నేను చూడలేదనీ, చూడలేదు గనక నా దగ్గర చెప్పడానికేమీ లేదనీ వాళ్ళ ఉద్దేశం. ఇప్పుడు నోటితో చెబితే ఫోనులో అక్షరాలు పడుతున్నాయి. అందుకని ఎవరూ అడక్కపోయినా చెబుతున్నాను.

మాది వడమాలపేట పక్క పల్లె. రేణిగుంటలో ఒక గోడౌనులో గుమాస్తాగా ఉండేవాడిని. నీటికాసుల జబ్బుతో చూపు తగ్గుతూ వచ్చి, ఒక ఎండాకాలం మొత్తంగా పోయింది. ఉద్యోగం వదిలి ఊరికి వచ్చాను. వచ్చిన కొత్తలో అందరితో కలిసే ఉన్నాను. మా తమ్ముడి కూతురి పెళ్ళిలో నన్ను తీసుకుపోయి వంట పొయ్యిల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫోటో తీసేటప్పుడు కుర్చీతో సహా ఎత్తి తెచ్చి మధ్యలో పెట్టారు. ఫోటో అయిపోయాక కుర్చీతో సహా ఎత్తి మళ్ళీ పొయ్యిల దగ్గరే దించారు. ఎత్తేముందు ఒక్కరూ ‘ఎత్తుతున్నాం’ అనలేదు. ఆ రోజు ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. మా మరదలు రెండు పూటలా క్యారియరు తెచ్చి అరుగు మీద పెట్టి పోతుంది. పెట్టిన చప్పుడే నాకు పిలుపు.

పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం, పెరటి చూరు కింద కూర్చుని ఉన్నాను. డీజిలు వాసన, దానికి తోడు చెమట వాసన వచ్చింది. ఎవరో నోరు తెరిచి గాలి పీలుస్తున్నారు.

"ఎవురది?" అన్నాను.

కర్ర అందుకున్నాను.

"కొట్టొద్దు పెద్దాయనా. ఇందాకట్నించీ చేతులెత్తి దండం పెడతానే ఉండా గదా. నువ్వు ఏమీ అనకపోతే, సరే ఉండమన్నావనుకుంటి."

"నాకు కండ్లు లేవు."

"అయితే నేను ఊరికే మొక్కినానా?" అన్నాడు.

ఆ మాటకు నవ్వు రావలసిందే. నాకు అనుమానం వచ్చింది. గుడ్డివాడి ఇల్లని ఎవరో చెబితేనే వచ్చి ఉంటాడని అనుకున్నాను. దోచుకోవడానికైనా దాక్కోవడానికైనా ఇంతకంటే అనువైన ఇల్లు ఊళ్ళో లేదు. నీళ్ళు తాగి పొమ్మన్నాను. చీకటి పడినాక పోతానన్నాడు. పొద్దు వాలకముందే వీధిలో డప్పు మోగింది. గంగమ్మ జాతరకు చాటింపు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చాటింపు వేసిన పూట ఊళ్ళో ఎవరుంటే వాళ్ళంతా, చుట్టాలైనా సరే, జాతర ముగిసేదాకా పొలిమేర అవతల నిద్ర చేయకూడదు. పగలు పనికి పోయినా రాత్రికి ఊరు చేరాలి. కాదని పోతే పోయినవాడికీ చెడుపే, ఊరికీ చెడుపే.

డప్పు దూరమయ్యాక అతను గోడకు చేరబడి కూర్చున్న చప్పుడైంది.

"ఇంగ యాడికి పోతాను? ముడిపడిపోయింది," అన్నాడు.

"నీదే ఊరు?"

"భాకరాపేట తట్టు. మాకూ ఇదే కట్టుబాటు. మా నాయన ఒకసారి చాటింపు దాటి పోయి, కాలు ఇరగ్గొట్టుకొని వచ్చినాడు."

చాటింపును నెపం చేసుకుని ఉండిపోతున్నాడేమో అనుకున్నాను. కేకవేస్తే నలుగురు వచ్చేవాళ్ళే. కేక నోటిదాకా వచ్చింది. కానీ వచ్చినవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. నాకు చెప్పకుండా నా ఇంట్లో దూరి, నా కుండలు కదిలించి, నన్ను కుర్చీలా పక్కకు జరిపి, వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. ఆ అవకాశం వాళ్ళకు ఇవ్వదలచుకోలేదు.

మరునాడు కారణం చెప్పాడు. ఎవరిదో టెంపో తోలుతున్నాడట. పైన మామిడికాయల పెట్టెలు, కింద ఎర్రచందనం దుంగలు. చెక్‌పోస్టులో టార్పాలిన్ లాగేసరికి దూకి పరిగెత్తాడట. దుంగలున్నాయని తనకు తెలియదన్నాడు.

"బండి బరువు తెలీలేదా?" అని అడిగాను. గోడౌనులో పనిచేసినవాడిని. మామిడికాయల బండి ఎత్తు ఎక్కేటప్పుడు చేసే శబ్దం వేరు, దుంగల బండి చేసే శబ్దం వేరు.

ఇప్పటికీ ఆ ప్రశ్నకు నాకు బదులు రాలేదు. అతనికి తెలుసనే నా అనుమానం.

మా ఇద్దరికీ మొదటి తగాదా చప్పుడు దగ్గర వచ్చింది. అతనికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. నాకు అతనెక్కడున్నాడో ప్రతి క్షణం తెలియాలి. నోరు మెదపకుండా తిరిగితే నేను పిచ్చివాడిలా "యాడుండావ్? యాడుండావ్?" అని అరుస్తున్నాను. నేను అరిస్తే వీధిలోకి వినిపిస్తుంది.

"నువ్వే నన్ను పట్టిచ్చేట్టుండావు పెద్దాయనా. గమ్మునుండు."

"నా ఇంట్లో నన్ను గమ్మునుండమనేదానికి నువ్వెవురు?"

"సరే, ఏం సెయ్యమంటావో సెప్పు."

వంటింట్లో చింతపండు కొట్టిన గింజలు ఉన్నాయి. పిడికెడు తీసిచ్చి, మెలకువగా ఉన్నంతసేపూ చేతిలో ఆడిస్తూ ఉండమన్నాను. ఆ గలగల నాకు వినిపిస్తుంది, గోడ దాటి పోదు. అలా ఆ చప్పుడు పెరట్లో ఉందా, వంటింట్లో ఉందా, నా పెట్టె దగ్గర ఉందా అని వింటూ కూర్చునేవాడిని. పెట్టె వైపు వెళ్ళినప్పుడల్లా "ఏం వెతకతాండావు?" అనేవాడిని. "చాప కోసరం లేప్పా, నీ పెట్టెలో ఏముండాదిలే, నా కంటే దరిద్రుడివి," అనేవాడు.

మూడు పూటలు గడిచాక నేను ఒకటి గమనించాను. అతను తీసిన చెంబు తీసిన చోటే ఉంటోంది. కొక్కెం ఎటు తిరిగి ఉందో అటే తిరిగి ఉంటోంది. మా వాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కసారీ అలా పెట్టలేదు. వాళ్ళు ఇల్లు సర్ది పోతారు, నేను రెండు రోజులు తడుముకుంటాను. ఇతను బయటికెళ్ళేముందు ‘దొడ్లోకి పోతాండా’ అని చెప్పి పోతాడు, వచ్చాక ‘వచ్చినా’ అంటాడు. పారిపోయి వచ్చిన మనిషికి తెలిసిన మర్యాద పెళ్ళి ఫోటోలో ఉన్నవాళ్ళకెవరికీ లేదు. అయినా నేను తాళంచెవి మొలతాడుకు కట్టుకునే ఉన్నాను. మర్యాద తెలిసిన దొంగలు లేరా?

క్యారియరు మరదలు తెచ్చినదే ఇద్దరం తినేవాళ్ళం. సంగటి ముద్ద కాస్త పెద్దది పెట్టమన్నాను.

"ఈ మధ్య ఆకలి పెరిగిందే బావా," అంది.

"పెరిగింది."

"ఇద్దరి ఆకలి మాదిరి ఉండాదే."

నేను క్యారియరు అందుకుని లోపలికి తిరిగాను. ఆ రోజు నుంచి ఊరుబిండి పచ్చడి రెండు ఆకుల్లో కట్టి తెచ్చేది. ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఎవరికి చెప్పిందోనన్న గుబులు మొదలైంది.

జాతర రోజు పొద్దున అతను అడిగాడు. "మీ ఊర్లో బైరాగి వేషం కట్టరా? నువ్వెప్పుడూ కట్టలేదా?"

చూపు ఉన్నప్పుడు ప్రతి ఏడూ కట్టేవాడిని. ఒళ్ళంతా నామంసుద్ద పూసుకుని, వేపమండలు చుట్టుకుని, ఎవరినైనా ఎంత మాటైనా తిట్టవచ్చు. ఆ ఒక్క రోజూ తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. చూపు పోయాక నాకెవరూ సుద్ద పూయలేదు. నా మొక్కు అలాగే బాకీ పడి ఉంది. ఆ మాట చెబితే, "సుద్ద యాడుండాది?" అన్నాడు. అటక మీద పాత డబ్బాలో ఉంది.

ఇక్కడ నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. గుడి మైకులో పూజారి, అమ్మవారి అలంకారం అయిందనీ, ముక్కుపుడక పెట్టి హారతి ఇచ్చాననీ, అన్నం తిని వస్తాననీ, సారె తెచ్చేవాళ్ళు తర్వాత రమ్మనీ చెప్పాడు. అప్పుడే అతను సుద్ద కలిపి నా వీపు మీద మొదటి చెయ్యి వేశాడు. పాటలు పెట్టారు. వీపు అయింది, భుజాలు అయ్యాయి, చేతులు అయ్యాయి, మెడ, రొమ్ము, కాళ్ళు. ఆరినచోట పెచ్చులు రాలుతున్నాయని మళ్ళీ రెండో పూత మొదలుపెట్టాడు. కితకితలు పెడుతున్నావని నేను తిడుతున్నాను. "కదలొద్దు, పెండ్లికొడుకు మాదిరి సింగారిస్తాండా," అని అతను నవ్వుతున్నాడు. నా ముఖం మీద నామం దిద్దుతుండగా పాట ఆగిపోయింది. ముక్కుపుడక కనిపించడం లేదని మైకులో పూజారి ఏడుపు గొంతు.

మైకులో వచ్చిన ఆ రెండు మాటల మధ్య అతని చేతులు నా ఒంటి మీద నుంచి లేవలేదు. నీళ్ళు ముంచుకోవడానికి ఒక చెయ్యి లేస్తే రెండో చెయ్యి నా మీదే ఉండింది.

అతను నామం సగంలో ఆపి లేచాడు.

"నా మిందికే వస్తాది పెద్దాయనా. నేను పోతా."

"ఇప్పుడు పొలిమేర దాటితే నువ్వే దొంగవి. ఉండు. ఎవురన్నా అడిగితే నేను చెబుతా."

"నీ మాట ఇంటారా?"

"ఎందుకినరు? నీ చేతులు ఈడ్నే ఉన్నెట్టు నా ఒళ్ళే చెబుతాది."

అతను ఉండిపోయాడు. నా మాట మీద ఉండిపోయాడు.

నగ పోయినా జాతర ఆగలేదు. వేషాలు నా వీధిలోకి వచ్చినప్పుడు నేను గడప బయట నిలబడ్డాను. ఊరిపెద్ద గొంతు వినబడగానే మొదలుపెట్టాను. హారతి పళ్ళెం నా ఇంటి ముందు ఆపకుండా దాటించిన ఏళ్ళన్నీ, వీధి దీపం నాకెందుకని పక్కింటికి మార్చినదీ, నేనిచ్చిన అర్జీలు పంచాయతీ ఆఫీసులో బజ్జీల పొట్లాలైనదీ, ఒక్కటీ మరవకుండా, తగిన బూతులు జోడించి తిట్టాను. ఆయన నా సుద్ద భుజం తట్టాడు.

"బలే తిట్టినావప్పా! ఈ ఏడు వేషాల్లో నీదే మేలు," అన్నాడు. అందరూ నవ్వారు. నేను నిజంగా తిట్టానని ఒక్కరూ అనుకోలేదు. తిట్టినా విననివాళ్ళకు ఇంకెలా చెప్పాలి?

అమ్మవారి మట్టిరూపం పొలిమేర దాటి జాతర ముగిశాక, మర్నాడు పొద్దున అతను చింతగింజలు నా చేతిలో పోసి, "పోయొస్తా" అని చెప్పి పోయాడు. పుత్తూరు బస్సు ఆగేచోట పోలీసులు పట్టుకున్నారు. అతను మా ఇంట్లో ఉన్నట్టు జాతర మొదట్లోనే ఊళ్ళోవాళ్ళకు తెలుసట. చాటింపు కట్టుబాటు ఉంది గనక పట్టించి ఊరు దాటించలేదట. ఎదురుచూశారట! అతని గోళ్ళ సందుల్లో నామంసుద్ద ఉంది కాబట్టి, వేషగాళ్ళలో కలిసిపోయి గుళ్ళో దూరాడని తేల్చేశారు. ఆ సుద్ద నాది. నా వీపుది. ముక్కుపుడక అతని దగ్గర దొరకలేదు. ఎక్కడో పారేసి ఉంటాడన్నారు. దుంగల కేసు ఉండనే ఉంది, దానికి ఇది తోడు చేశారు.

మా వీధి దాటి ఏళ్ళయిన నేను, తమ్ముణ్ణి తోడు తీసుకుని స్టేషనుకు పోయాను. బయట బల్ల మీద కూర్చుంటే ఎవరో పుణ్యాత్ముడు నా చేతిలో అరటిపండు పెట్టి పోయాడు. లోపలికి పిలిచాక ఎస్సై నాతో మాట్లాడలేదు. మా తమ్ముడిని అడిగాడు.

"పెద్దాయనకు ఏం కావాలంట?"

"పెద్దాయన ఈడ్నే ఉండాడు సార్. ఆయన్నే అడగండి," అన్నాను నేను. ముక్కుపుడక పోయిన పూట అతను నా ఇంట్లోనే, నా ఒంటికి సుద్ద పూస్తూ ఉన్నాడని చెప్పాను.

"నువ్వు చూసినావా?"

"నా ఒంటి మీద చేతులుంటే చూసేదేముంది సార్?"

"ఆ చేతులు వాడివే అని ఎట్ల తెలుసు?"

"మీరిప్పుడు కుర్చీలో వెనక్కి వాలినారు. అది మీరే అని ఎట్ల తెలుసో, అట్లే."

నవ్వి, తమ్ముడితో, "జాగర్తగా తీసకపోప్పా, బయట మెట్లున్నాయి," అన్నాడు. ఇంకో రెండుసార్లు పోయాను. ఒకసారి సార్ లేడన్నారు. ఇంకోసారి, దొంగకు తిండి పెట్టినవాడివి, నీ మీదే కేసు పెట్టవచ్చు, ఇంటికి పో అన్నారు. పెట్టమన్నాను. అదీ పెట్టలేదు. కేసు పెడితే నా మాట రాసుకోవాలి గదా.

దుంగల గురించి నేను ప్రమాణం చేయను. అతను నాకు పూర్తి నిజం చెప్పలేదనే ఇప్పటికీ నా నమ్మకం. బరువు తెలియని డ్రైవరు ఉండడు. ముక్కుపుడక గురించి మాత్రం ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. కాణిపాకం వినాయకుడి ముందు చెయ్యమంటే అక్కడే చేస్తాను. అతను చిత్తూరు జైల్లో ఉన్నాడు. నేను చెబుతానన్న ఒక్క మాట మీద పారిపోకుండా ఆగినవాడు, నేను చెప్పలేదనే అనుకుంటూ అక్కడ కూర్చుని ఉంటాడు.

ఊరిపెద్దగారూ, చాటింపు నాడు ఊళ్ళో ఉన్నవాడు ఊరివాడేనని మీరే డప్పు వేయించారు. జాతర దాకా ఊరివాడైనవాడు, జాతర ముగిసిన పొద్దునకు పరాయి దొంగ ఎలా అయ్యాడు? పూజారి అన్నానికి పోయినప్పుడు గుడి తలుపు ఎవరికి అప్పగించిపోయాడో ఒక్కరైనా అడిగారా? ఎస్సైగారూ, మీరు మా తమ్ముడితో మాట్లాడవద్దు. నాతో మాట్లాడండి. నా వాంగ్మూలం ఎప్పుడు రాసుకుంటారు? రాసుకోరా? రాసుకోకపోతే ఎందుకు రాసుకోరో, ఆ మాటైనా నా ముఖం చూసి చెప్పండి.