రెండు రంగుల స్కార్ఫ్ వేసుకున్న మూర్తి బాబాయ్

పోయిన మంగళవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే లలితమ్మ పిన్నిగారి నుంచి ఫోన్ వచ్చింది. "మీ బాబాయ్ ఎంత లేపినా లేవడం లేదమ్మా," అన్నారు. నేను వెళ్ళేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కార్ల్స్‌రూహె అనే ఈ జర్మన్ ఊళ్ళో మా తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కయిన మూర్తిగారు ఇక లేరు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఒకే ఆఫీసులో పనిచేశాం, అంతే. కాకినాడ యాస, కోటు గుండీలన్నీ పెట్టుకునే అలవాటు, మాటకు ముందో వెనకో "ఎందుకొచ్చిన గొడవ" అనే ఊతపదం. సంస్మరణల్లో పోయినవారిని ధీరోదాత్తులని రాయడం పరిపాటి. మూర్తి బాబాయ్ గురించి అలా రాస్తే పచ్చి అబద్ధమవుతుంది. నా జీవితంలో నేను చూసిన మహా పిరికివాడు ఆయనే.

ట్రామ్ ఎక్కితే దిగేవరకు టికెట్ చేతిలోనే ఉండాలి. మేం కాస్త గట్టిగా తెలుగులో మాట్లాడితే, "మెల్లిగా అమ్మా, మెల్లిగా. ఎవరు ఎలాంటి మూడ్‌లో ఉన్నారో మనకేం తెలుసు," అనేవారు. ఆదివారం పూట మిక్సీ వేస్తే కింది ఇంటివాళ్ళు ఫిర్యాదు చేస్తారని పిన్నిగారి చేత పచ్చడి రోట్లో నూరించిన ఘనుడు. రోటి చప్పుడు ఇంకా ఎక్కువని ఆవిడ వాదించి ఓడిపోయారు.

కొత్తగా వచ్చిన పిల్లలెవరికైనా అన్‌మెల్డుంగ్ కోసం, అంటే ఊళ్ళో చిరునామా నమోదు చేయించుకోవడానికి, టెర్మిన్ అనే అపాయింట్‌మెంట్ దొరికిందంటే, వాళ్ళకన్నా ముందే టౌన్ ఆఫీసు గుమ్మం ముందు ఈయన నిలబడి ఉండేవారు. "మీకెందుకండీ ఈ శ్రమ?" అని ఒకబ్బాయి మొహమాటపడితే, "నువ్వేదో తప్పు రాసేస్తావని నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు బాబూ," అన్నారు. ఆయన పరోపకారమంతా ఆ భయంలోంచే పుట్టింది.

ఇంత భయస్తుడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. చూడడం మాత్రం టీవీలోనే. మా అమ్మాయి హారిక పట్టుబట్టి ఒకసారి స్టేడియానికి లాక్కెళ్ళింది. హారికకు పదహారేళ్ళు. మా ఊరి జట్టు అభిమానుల గుంపులో నిలబడి గొంతు పోయేలా పాడే పిల్ల. ఆరోజు వచ్చిన జట్టు అభిమానులకూ మావాళ్ళకూ ఎప్పటినుంచో స్నేహమట. చాలామంది సగం ఈ రంగు, సగం ఆ రంగు ఉన్న స్కార్ఫ్‌లు వేసుకొచ్చారు. ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి బాబాయ్‌ని కావలించుకున్నాడు కూడా. ఈ దేశంలో ఒక అపరిచితుడు తనను కావలించుకోవడం అదే మొదటిసారని ఆయన చాలా రోజులు చెప్పుకుని మురిసిపోయారు.

ఆ తర్వాత కొంతకాలానికి పక్క ఊరి జట్టుతో మ్యాచ్ వచ్చింది. ఆ రెండు జట్లకూ అసలు పడదు. అలాంటి రోజున పిల్లను ఒంటరిగా పంపాలంటే భయమేసి నేనూ వెంట బయల్దేరాను. నాకంటే బాబాయ్‌కే భయం ఎక్కువై, తానూ వస్తానన్నారు. వచ్చినప్పుడు మెడలో రెండు రంగుల స్కార్ఫ్ ఉంది. స్టేషన్ దగ్గర బండి మీద కొన్నారట.

"ఎవరు ఎదురొచ్చినా వాళ్ళ రంగు కనిపిస్తుంది కదమ్మా. ఇంక మన జోలికెవరొస్తారు?" అన్నారు తృప్తిగా.

హారిక మొహం పాలిపోయింది. "తాతయ్యా, దస్ గేట్ గార్ నిష్ట్! అస్సలు కుదరదు. ఫ్రెండ్స్ క్లబ్ అయితే ఓకే. ఈరోజు ఇది వేసుకుంటే రెండు సైడ్స్ వాళ్ళూ ఇన్సల్ట్ అనుకుంటారు. ప్లీజ్, తీసేయండి."

ట్రామ్‌లో ఒక గడ్డం ఆసామి కూడా మర్యాదగానే ఆ మాట చెప్పాడు. మర్యాదగా చెప్పినా అతని చూపు నాకు నచ్చలేదు. బాబాయ్ క్షమాపణ చెప్పి, స్కార్ఫ్ మడిచి కోటులో దాచేసి, స్టేడియం దాకా తల ఎత్తలేదు.

మా జట్టు ఓడిపోయింది. బయటికొచ్చేసరికి ట్రామ్ పట్టాలకు అటు వాళ్ళు, ఇటు మావాళ్ళు, అరుపులు. స్నేహితుల నుంచి తప్పిపోయి హారిక పట్టాల మధ్య ఒంటరిగా చిక్కుకుంది. ఎదుటి జట్టు రంగు స్కార్ఫ్ లాక్కోవడం అక్కడ విజయచిహ్నం. ముగ్గురు మొగవాళ్ళు దాని స్కార్ఫ్ పట్టుకుని గుంజుతున్నారు. మెడకు చుట్టిన స్కార్ఫ్ అది. దాన్ని విడిపించడానికని ఇటునుంచి మావాళ్ళు ఊగిపోతూ దూసుకెళ్తున్నారు. కలిస్తే నడుమ నలిగేది నా కూతురే.

నా పక్కన బాబాయ్ లేరు. చూసేసరికి పట్టాల మీద ఉన్నారు. కోటు గుండీలు విప్పి ఆ రెండు రంగుల స్కార్ఫ్ తీసి, అభిమానులు పాటప్పుడు ఎత్తినట్టు రెండు చేతులతో తలమీదికెత్తి పట్టుకున్నారు. పొద్దున ఎవరూ తన జోలికి రాకూడదని కొన్న స్కార్ఫ్‌ని, అందరూ తన జోలికే రావాలని ఎత్తారు. వెంటనే రెండు వైపుల నుంచీ ఈలలు, బూతులు, పగలబడి నవ్వులు. బీరు గ్లాసులు వచ్చి మీద పడ్డాయి.

"ఏ జట్టు వాడివిరా నువ్వు?" అని ఎవరో అరిచారు.

"బైడే గుట్, బైడే గుట్," అన్నారు బాబాయ్, రెండూ మంచివేనని.

ఆ ముగ్గురూ నవ్వుతూ దాని స్కార్ఫ్ వదిలేశారు. హారిక నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేసింది. పోలీసులు వచ్చాక బాబాయ్ తడిసిన కోటుతో తిరిగొచ్చారు. స్కార్ఫ్ ఎవరో లాగేసుకున్నారు. ఇంటికొచ్చాక కాఫీ కప్పు పట్టుకోలేకపోతే పిన్నిగారే తాగించారు.

"అంత భయపడుతూ ఎలా వెళ్ళారు బాబాయ్?" అని అడిగాను.

"వెళ్ళకపోతే ఇంకా భయం కదమ్మా," అన్నారు. "నవ్వుతున్నంతసేపు వాళ్ళు కొట్టరని అనిపించింది. ఎవరికీ చెప్పకమ్మా, ఎందుకొచ్చిన గొడవ."

ఆయన ఉన్నంతకాలం నేను ఎవరికీ చెప్పలేదు. వారం పాటు ట్రామ్ ఎక్కడానికి జంకి ఆఫీసుకు నడిచొచ్చారని కూడా చెప్పలేదు.

శుక్రవారం ఆయన్ని సాగనంపాం. ఎవరూ చెప్పకుండానే అందరూ మెల్లిగా మాట్లాడుకున్నారు. ఎప్పుడూ ఎదురు చెప్పే హారిక ఆరోజు నా చెయ్యి వదల్లేదు. ఇంటికొచ్చాక మాత్రం, వచ్చే శనివారం మళ్ళీ ఆ జట్టుతోనే మ్యాచ్ ఉందని, వెళ్తానని చెప్పింది. "తాతయ్య ఉన్నా వెళ్ళొద్దనేవారు కాదు, అమ్మా. తనూ వచ్చేవారు," అంది.

నిజమే. ఈ పరాయి ఊళ్ళో ఇన్నేళ్ళూ నేను కాస్త నిబ్బరంగా ఉన్నానంటే, నాకంటే ఎక్కువగా నా పిల్ల కోసం భయపడే మనిషి ఒకరున్నారన్న ధైర్యమే. ఆ మహానుభావుడికి నమస్కరిస్తున్నాను. ఆ చోటు భర్తీ చేయడం నావల్ల కాదని తెలుసు. అయినా శనివారం నేనూ వెళ్తున్నాను. చాలా భయంగా ఉంది.