మోకాలి చెప్పులు

"గీ కాలు నీదా, దేవునిదా?"

జగిత్యాల ఎముకల డాక్టరు మొహం మీదే అడిగాడు. "ఇద్దరిదీ సార్" అన్నాడు కనకయ్య.

సిరిసిల్లలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే కనకయ్యకు కీలు అరిగిపోతే, లోహపు మోకాలు పెట్టింది ఆ డాక్టరే. ఆపరేషన్ మంచిగా అయితే దీక్ష మాల వేసుకుంటానని కనకయ్య కొండగట్టు హనుమంతుడు అంజన్నకు ముందే మొక్కుకున్నాడు. మంచిగానే అయింది. మాల వేశాడు. మాలంటే నడి ఎండాకాలంలో చెప్పుల్లేని నడక. పగిలిన మడమలో క్రిమి దూరింది, నెత్తురు వెంట పోయి లోహాన్ని పట్టుకుంది. మోకాలు వాచింది, చీము పట్టింది. కోసి కడిగారు, వారాల తరబడి సూదులు పొడిచారు. నయమైంది. కృతజ్ఞత ఎవరికి? మళ్లీ అంజన్నకే. మరుసటి ఏడు మళ్లీ మాల, మళ్లీ మడమ, మళ్లీ చీము. సాంచలో నాడె కొట్టుకున్నట్టు ఆసుపత్రికీ కొండగట్టుకూ మధ్య తిరిగాడు.

రెండోసారి కడిగాక డాక్టరు తేల్చేశాడు: "ఇంకోసారి చీము పడితే మోకాలు తీసేసుడే. కాలు కట్టె లెక్కయితది."

కట్టె కాలుతో సాంచల సందులో తిరగలేడు. తిరగలేనివాడికి కూలి లేదు.

భార్య వజ్రమ్మ నేరుగా మాల వేయించే గురుస్వామి దేవేందర్ ఇంటికి పోయింది.

"స్వామీ, ఈయేడు మా ఆయన చెప్పులేసుకుంటడు."

"నియమం ఒప్పుకోదు వదినే. అంజన్న చెప్పులేసుకున్నడా?"

"అంజన్న గాలిల ఎగిరిండు, ఆయనకెందుకు చెప్పులు? మా ఆయన డాంబర్ రోడ్డు మీద నడుస్తడు."

దేవేందర్ నవ్వాపుకోలేకపోయాడు. "గట్లయితే నేను సూడలేదనుకుంట తియ్యి."

పెద్ద పీఠాలు కూడా ఇంత తొందరగా తీర్పు చెప్పవు. ఒప్పుకోవలసింది ఇక కనకయ్యే. కోరుట్లలో బిడ్డ రాధిక ఇంట్లో కోలుకుంటూ, మాలలో చెప్పులు వేసుకోనని మొండికేశాడు.

"బాపూ, గా కాలు అంజన్న ఇచ్చిండంటవ్. ఇచ్చినదాన్ని ఖరాబు జేసుకొని మల్ల ఆయన ముంగట ఎట్ల నిలవడ్తవ్?"

డాక్టరు మాట ఎక్కని చెవికి ఈ మాట ఎక్కింది. ఆ సాయంత్రమే ఇద్దరూ బజారుకు పోయి, షుగరు రోగులు వేసుకునే మెత్తటి చెప్పులు తెచ్చారు.

ఈ ఎండాకాలం కాషాయం కట్టి, ఆ చెప్పులతోనే కొండగట్టుకు నడిచాడు. దారిలో ఒకాయన ఆపాడు.

"స్వామీ, మాలేసుకొని చెప్పులేంది!"

"నాయి గావు స్వామీ, నా మోకాలియి."

మాల తీసి నెలలైంది, మోకాలు వాచలేదు. మడమకు గీత పడినా వజ్రమ్మ జగిత్యాల బస్సెక్కిస్తోంది. "అంతా అంజన్న దయ సార్" అన్నాడు కనకయ్య మొన్న. డాక్టరు మడమలు తిప్పి చూసి పంపించాడు.

కోరుట్ల చెప్పుల దుకాణంలో ఆ జత తాలూకు ఇంకా రెండు వందల యాభై రూపాయలు బాకీ ఉంది.